సముద్రంలో పోయిన నేతగాడు, చట్టం పెట్టని ఏడేళ్ళ గడువు

సముద్రం మీద కనిపించకుండా పోయినవాణ్ణి చనిపోయినట్టు లెక్కగట్టాలంటే ఏడేళ్ళు ఆగాల్సిందే. ఈ మాట రెండు చోట్ల గట్టిగా వినిపిస్తుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఓడెక్కి తిరిగిరాని ఒక నేతగాడి ఆస్తి ఎలా తేలిందని అడిగితే, పాతకాలపు కుటుంబ చరిత్రలు రాసేవాళ్ళు చాలామంది ఇదే జవాబు చెబుతారు: ఏడేళ్ళు గడిచాకే పెళ్ళాం పిల్లలకు ఏదైనా దక్కి ఉంటుంది అని. మన కోస్తాలో వేటకు వెళ్ళిన పడవ తిరిగిరాకపోతే, మరణ ధ్రువీకరణ పత్రం కోసం తిరిగే ఆ ఇంటి ఆడమనిషికి ఆఫీసుల్లో చెప్పేదీ ఇదే. పైగా ఒకదానికి ఒకటి సాక్ష్యం. ఇది ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ ఉన్న రూలమ్మా, మేమేం చేయగలం అంటారు.

ఈ వాదనను దాని బలమంతటితో చెప్పుకుందాం. ఒకటి, ఈ నిబంధన శతాబ్దాల నాటిది, అనుభవంలో నిగ్గు తేలినది. రెండు, శవం దొరకనప్పుడు చావు ఖాయం కాదు. మనిషి బతికే ఉన్నాడనుకోవడమే న్యాయం. మూడు, తొందరపడి ఆస్తి పంచేస్తే, రేపు అతను తిరిగొస్తే అన్యాయమైపోతాడు. ఆగడం అతని ఆస్తికి రక్ష. నాలుగు, పేదవాడి ఆస్తి ఎంతని, దానికోసం ప్రత్యేకంగా విచారణ జరపడానికి? అయిదు, అందరికీ ఒకే లెక్క ఉంటే అధికారి ఇష్టాయిష్టాలకు చోటుండదు.

వినడానికి ఇవన్నీ జాగ్రత్తపరుల మాటల్లాగే ఉంటాయి. విడివిడిగా తీసి చూస్తే ఒక్కటీ నిలవదు.

1. ఈ నిబంధన వయసెంత?

ఏడేళ్ళ లెక్క ఇంగ్లీషు చట్టంలోకి మొదట వచ్చింది 1604లో, రెండో పెళ్ళిని నేరంగా చేసిన చట్టంలో. భర్తో భార్యో ఏడేళ్ళపాటు సముద్రాల అవతల ఉండిపోతే, లేదా దేశంలోనే ఉన్నా ఏడేళ్ళుగా బతికున్న జాడ తెలియకపోతే, ఇక్కడ మిగిలినవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా శిక్ష పడదని అందులో ఒక మినహాయింపు ఉంది. ఆస్తి ఊసు అందులో లేదు. అది శిక్ష నుంచి రక్షణ మాత్రమే.

రెండోసారి వచ్చింది 1666లో. అప్పట్లో భూమిని ఫలానా మనిషి బతికున్నంత కాలం అనే షరతుతో కౌలుకిచ్చేవారు. ఆ ఫలానా మనిషి విదేశం వెళ్ళిపోయి అయిపు లేకుండా పోతే భూమి యజమానికి కౌలు ఎప్పటికీ ముగిసేది కాదు. అందుకని, ఏడేళ్ళపాటు అతను బతికున్నట్టు తగిన రుజువు లేకపోతే చనిపోయినట్టే భావించి భూమి స్వాధీనం చేసుకోవచ్చని పార్లమెంటు చట్టం చేసింది. ఈ చట్టం ఆదుకున్నది వితంతువును కాదు, భూస్వామిని. అదీ ఏ రుజువూ లేక చిక్కుపడ్డ భూస్వామిని.

ఈ రెండు చట్టాలనూ పోలికగా తీసుకుని, జాడ తెలియని ఎవరి విషయంలోనైనా ఏడేళ్ళ తర్వాత బతికున్నాడన్న ఊహ ఆగిపోతుందని లార్డ్ ఎలెన్‌బరో తీర్పు చెప్పింది 1805లో, డో వర్సెస్ జెస్సన్ కేసులో. సామాన్య న్యాయసూత్రంగా ఏడేళ్ళ లెక్కకు ఒక స్థిరరూపం వచ్చింది ఆ తీర్పుతోనే. అప్పటికి 18వ శతాబ్దం ముగిసి అయిదేళ్ళయింది. 1740లోనో 1765లోనో సముద్రం పాలైన నేతగాడి ఇంటికి ఆ తీర్పును వెనక్కి తీసుకెళ్ళి అంటగట్టడం చరిత్రను తలకిందులు చేయడమే. అనాదిగా ఉన్న కట్టుబాటని మనం నమ్ముతున్నది, రెండు ప్రత్యేక అవసరాల కోసం పుట్టిన మినహాయింపులను మూడో అవసరానికి సాగదీసిన ఒక తీర్పు.

2. జాడ లేకపోవడం వేరు, ప్రమాదంలో పోవడం వేరు

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. ఏడేళ్ళ నిబంధన ఎవరి గురించి? ఎక్కడికి వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో, ఏమయ్యాడో చెప్పే ఆధారం ఒక్కటీ లేనివాడి గురించి. ఇల్లు వదిలి వెళ్ళిపోయినవాడు వేరే ఊళ్ళో వేరే పేరుతో బతుకుతుండవచ్చు. అటువంటి చోట కాలం గడవడం తప్ప ఇంకో రుజువు లేదు కనుక కాలాన్నే రుజువుగా తీసుకున్నారు.

ఫలానా ఓడెక్కాడు, ఆ ఓడ ఫలానా రేవు నుంచి బయల్దేరింది, రావలసిన రేవుకు రాలేదు, ఆ దారిలో తుపాను పట్టింది, మిగతా ఓడలు చేరాయి, ఇది చేరలేదు అని తెలిసినప్పుడు రుజువు లేదనడం ఎలా కుదురుతుంది? అక్కడున్నదంతా రుజువే.

18వ శతాబ్దపు న్యాయస్థానాలకు ఈ తేడా బాగా తెలుసు. 1739లో నార్త్ కరొలైనా నుంచి లండన్‌కు బయల్దేరిన ఒక ఓడకు బీమా ఉంది. శత్రువులు పట్టుకుపోతే బీమా వర్తించదు, మునిగితేనే వర్తిస్తుంది. ఓడ బయల్దేరిందన్నదీ, ఆ తర్వాత దాని కబురు ఎవరికీ అందలేదన్నదీ తప్ప వేరే సాక్ష్యం లేదు. 1743లో గ్రీన్ వర్సెస్ బ్రౌన్ పేరుతో తేలిన ఈ కేసులో, ఆ మాత్రం ఆధారంతోనే ఓడ సముద్రంలో మునిగిపోయిందని జ్యూరీ నిర్ధారించింది. బయల్దేరి ఏడేళ్ళు కాలేదు. ఓడ చెక్కముక్క కూడా ఎవరూ తెచ్చి చూపలేదు. సరుకు పోగొట్టుకున్న వర్తకుడికి ఈ తర్కం సరిపోయినప్పుడు, అదే ఓడలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి సరిపోదనడానికి ఏ కారణమూ లేదు.

మరుసటి ఏడాదే ఇంకా పెద్ద ఉదాహరణ. 1744 అక్టోబర్‌లో ఇంగ్లీషు నౌకాదళపు మహానౌక విక్టరీ అడ్మిరల్ జాన్ బాల్చెన్‌తో సహా ఇంగ్లిష్ ఛానల్‌లో తుపానులో పోయింది. సుమారు 1,100 మంది. బతికి బయటపడినవాడు ఒక్కడూ లేడు. ఛానల్ దీవుల తీరానికి కొట్టుకొచ్చిన శకలాలే ఆధారం. ఓడ ఉన్న చోటు నిజంగా బయటపడింది 2008లో. శవం కావాలి, ఓడ కనబడాలి అనేవాళ్ళ లెక్కన ఆ 1,100 కుటుంబాలూ 264 ఏళ్ళు ఎదురుచూడాలి. ఏడేళ్ళ లెక్క ప్రకారమైనా 1751 దాకా ఆగాలి. కానీ 1746 నాటికే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో బాల్చెన్ స్మారకశిల్పం లేచింది. రాజు ఆయన భార్యకు ఏటా 500 పౌండ్ల పింఛను ఇచ్చాడు. ఆయన బతికే ఉండవచ్చు కదా అని ఎవరూ అడ్డుపడలేదు. అడ్డుపడి ఉంటే అది తెలివితక్కువతనమని అందరికీ తెలుసు.

3. రేపు తిరిగొస్తే ఏం చేస్తారు?

ఏడేళ్ళవారి దగ్గరున్న గట్టి ప్రశ్న ఇదే. దీనికి 18వ శతాబ్దపు వ్యవస్థ ఇచ్చిన జవాబు మన ఆఫీసుల జవాబుకన్నా తెలివైనది.

అప్పట్లో ఇంగ్లండులో చనిపోయినవారి చరాస్తులను తేల్చే పని చర్చి కోర్టులది. 1858 జనవరి దాకా అలాగే సాగింది. సముద్రం మీదో పరదేశంలోనో చనిపోయి ఇంగ్లండులో ఆస్తి ఉన్నవారి వ్యవహారం కాంటర్‌బరీ ప్రిరోగటివ్ కోర్టుకు వెళ్ళేది. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి దగ్గరి డాక్టర్స్ కామన్స్‌లో ఆ కోర్టు నడిచేది. నేతగాడు వీలునామా రాయకుండా పోతే, అతని భార్య అక్కడికి వెళ్ళి భర్త చనిపోయాడనీ, వీలునామా లేదనీ, ఆస్తిని న్యాయంగా నిర్వహిస్తాననీ ప్రమాణం చేసి నిర్వహణాధికార పత్రం అడిగేది. 1529 నాటి చట్టమే ఆ అధికారాన్ని భార్యకో దగ్గరి బంధువుకో ఇవ్వాలని చెప్పింది.

పత్రం ఊరికే ఇచ్చేవారు కారు. ఆమె జామీనుదారులతో కలిసి బాండు రాసివ్వాలి. ఆస్తి విలువకు రెట్టింపు మొత్తానికి రాయించుకోవడం వాడుక. ఆ బాండులో ఏమేం ఉండాలో 1670 నాటి పంపకాల చట్టం నిర్దేశించింది: ఆస్తి జాబితా కోర్టుకు దాఖలు చేయాలి, జమాఖర్చులు చూపాలి, అప్పులు తీర్చాలి, మిగిలినది చట్టప్రకారం పంచాలి. పిల్లలుంటే భార్యకు మూడోవంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. పిల్లలు లేకపోతే భార్యకు సగం, తక్కిన సగం దగ్గరి బంధువులకు. అదే చట్టంలో ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. చనిపోయిన ఏడాది లోపల పంపకం చేయకూడదు. వాటా తీసుకున్న ప్రతివాడూ, తర్వాత ఏదైనా అప్పు బయటపడితే తన వంతు తిరిగి ఇస్తానని పూచీ రాసివ్వాలి.

ఇక పోయాడనుకున్న మనిషే నడిచి వస్తే? బతికున్నవాడి ఆస్తి మీద చర్చి కోర్టుకు అధికారమే లేదు కనుక ఆ పత్రం చెల్లదు. ఆస్తి అతనిదే. ఏడేళ్ళవారు ఆధారంగా చూపే 1666 చట్టం సైతం, పోయాడనుకున్నవాడు తిరిగివస్తే భూమినీ మధ్యకాలపు రాబడినీ రాబట్టుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. అంటే ఏడేళ్ళు ఆగిన తర్వాత కూడా తిరిగొచ్చే అవకాశం ఉందని ఆ చట్టం రాసినవాళ్ళే ఒప్పుకున్నారు! ఏడేళ్ళు ఆగినా అనుమానం పోనప్పుడు ఆగడం దేనికి? అనుమానానికి మందు జామీను, జాబితా, లెక్క, రద్దుచేసే అధికారం. కాలాన్ని వృథాగా దొర్లించడం మందు కాదు.

4. ఆగితే ఆస్తి భద్రంగా ఉంటుందా?

ఏడేళ్ళవారి ఊహలో ఆస్తి అంటే పొలం, బంగారం, పెట్టెలో పెట్టి తాళం వేసే కాగితాలు. నేతగాడి ఇంట్లోకి వెళ్ళి చూస్తే ఆ ఊహ నిలవదు.

లండన్ తూర్పు శివారు స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతకు పేరుబడ్డ చోటు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దుచేశాక పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ నేతగాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ బతుకులకూ మన తీరానికీ సంబంధం ఉంది. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకం బట్టల మోజులో తమ పట్టు అమ్ముడుపోవడం లేదని 1719లో అక్కడి నేతగాళ్ళు వీధుల్లో ఆ బట్టలు కట్టిన ఆడవాళ్ళ మీద పడి చింపారు. 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్టల వాడకాన్నే నిషేధించింది. అయినా గండం గట్టెక్కలేదు. 1763లో ఫ్రాన్సుతో యుద్ధం ముగిశాక పని మళ్ళీ పడిపోయింది, 1765లో నేతగాళ్ళు లండన్ వీధుల్లో తిరగబడ్డారు. పనిలేని నేతగాడికి అమెరికా వలసల వైపు ఓడెక్కడం ఒక దారి. కొందరి విషయంలో ఓడెక్కడం తమ ఇష్టంతో జరిగేది కూడా కాదు. యుద్ధకాలంలో నౌకాదళపు ముఠాలు రేవుల దగ్గర మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోయేవి.

అలా వెళ్ళి తిరిగిరానివాడి ఇంట్లో ఏముంటుంది? మగ్గం, నాడెలు, అచ్చులు, కండెలు చుట్టే రాట్నం, పక్కబట్టలు, వంటసామాను, నేసి ఇచ్చిన గుడ్డకు రావలసిన కూలి, దుకాణంలో బాకీ, ఇంటి అద్దె. అన్నిటికన్నా ముఖ్యం, మగ్గం మీద సగం నేసిన పట్టు. ఆ పట్టు అతనిది కాదు. పడుగూ పేకా యజమాని ఇచ్చినవి. నేతగాడికి దక్కేది కూలి మాత్రమే. మన దగ్గర మాస్టర్ వీవర్ కింద కూలి నేసే మగ్గాలున్న ఏ ఊళ్ళోనైనా ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పనికిచ్చిన పట్టునూ నూలునూ తిరిగివ్వకుండా అట్టిపెట్టుకోవడం 1749 చట్టం కింద నేరం కూడా. ఆ ఇంటి ఇల్లాలు ఏడేళ్ళపాటు యజమాని పట్టును మగ్గం మీదే ఉంచి కూర్చోవాలా? దాన్ని కోసి, లెక్కచెప్పి, అప్పజెప్పి, అప్పటిదాకా నేసినదానికి కూలి వసూలు చేసే అధికారం ఎవరికో ఒకరికి వెంటనే ఉండాలి. ఆ అధికారం ఇచ్చే కాగితమే ఆమెకు కావలసినది.

మగ్గం సంగతి ఇంకా ఘోరం. అద్దె బాకీ పడితే ఇంటి యజమాని లోపలి సామాను జప్తు చేసుకోవచ్చు. పనిముట్లకు రక్షణ ఉండేది, కానీ ఎంతవరకు? 1744లో సింప్సన్ వర్సెస్ హార్టప్ కేసులో దీన్ని తేల్చారు. మేజోళ్ళు అల్లే యంత్రం మీద అప్రెంటిస్ కుర్రాడు కూర్చుని పనిచేస్తుండగా ఇంటి యజమాని జప్తు చేశాడు. పని జరుగుతున్న పనిముట్టును పట్టుకుపోవడం చెల్లదని కోర్టు చెప్పింది. పని ఆగి ఖాళీగా ఉండి, అద్దె బాకీకి సరిపడే వేరే సామాను ఇంట్లో లేకపోతే మాత్రం పట్టుకుపోవచ్చు. ఆడుతున్న మగ్గానికి చట్టం అండ ఉంది, ఆగిన మగ్గానికి లేదు. ఏడేళ్ళు ఆగమనడమంటే ఆ మగ్గాన్ని అద్దె బాకీ కింద జమ కట్టించడమే. ఆస్తిని కాపాడతామంటున్న నిబంధన మొదట మింగేది ఆ ఇంటి కూటికి ఆధారమైన వస్తువునే.

ఆ ఇల్లాలి స్థితి కూడా చూడాలి. అప్పటి ఇంగ్లీషు చట్టంలో పెళ్ళైన స్త్రీకి భర్త నుంచి వేరే అస్తిత్వం లేదు. ఆమె సంపాదన భర్తది. ఆమె తన పేరున ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు. వితంతువైతే ఆ హక్కులన్నీ వస్తాయి. భర్త సొంత మగ్గాన్ని నడుపుకుంటూ వృత్తి కొనసాగించడానికి లండన్ నేత సంఘంలో సభ్యుల వితంతువులకు వీలుండేది కూడా. భర్త చనిపోలేదు, కానీ లేడు అని ఏడేళ్ళు వేలాడదీస్తే ఆమె భార్యగా పోషణకూ నోచుకోదు, వితంతువుగా హక్కులకూ నోచుకోదు. దీన్ని జాగ్రత్త అని పిలవడం దారుణం.

5. పేదవాడి ఆస్తికి ఇంత తతంగం దేనికి?

కొంచెమే కదా, ఆగితే ఏం పోయింది అనే మాటలో ఒక పెద్ద అబద్ధముంది. కొంచెం ఉన్నవాడికే ఆగే స్తోమత ఉండదు. ఎస్టేటున్న ప్రభువు ఇంట్లో ఏడేళ్ళు వ్యాజ్యం నడిచినా పొయ్యి ఆరదు.

పేదవాడి ఆస్తి చిన్నదనే సంగతిని 1529 నాటి పార్లమెంటు కూడా గుర్తించింది. గుర్తించి ఏం చేసింది? అయిదు పౌండ్లకు మించని ఆస్తి విషయంలో చర్చి న్యాయాధికారి రుసుము తీసుకోకూడదని చెప్పింది. చిన్న ఆస్తి గనుక పని తేలికగా ముగించండి అన్నది అప్పటి చట్టం. చిన్న ఆస్తి గనుక పక్కన పెట్టండి అంటున్నది మనం.

ఆ చర్చి కోర్టులు పేదల పాలిటి స్వర్గాలని నేను అనను. ప్రాక్టర్లనే చర్చి కోర్టు వకీళ్ళకు డబ్బులివ్వాలి. 1694 నుంచి 20 పౌండ్లకు మించిన ఆస్తుల పత్రాల మీద స్టాంపు సుంకం కట్టాలి. దూరపు ఊళ్ళవారికి లండన్ ప్రయాణం తలకు మించిన భారం. అందుకే మరీ చిన్న ఆస్తులున్నవాళ్ళు కోర్టు గడప తొక్కకుండానే ఇంట్లో ఇంట్లో పంచేసుకునేవారు. ఇది కూడా ఏడేళ్ళవారికి వ్యతిరేక సాక్ష్యమే. కోర్టుకు వెళ్ళినవాళ్ళూ ఏడేళ్ళు ఆగనక్కర్లేదు, వెళ్ళనివాళ్ళూ ఆగలేదు. ఆగినవాళ్ళంటూ ఉంటే, ఓడ పేరు కూడా తెలియనివాళ్ళే అయివుండాలి.

6. మన చట్టంలో నిజంగా ఏముంది?

ఇంగ్లీషువాళ్ళ రూలు అని చెప్పే అధికారి ఆ రూలును ఒక్కసారి చదివితే చాలు. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 సాక్ష్య చట్టంలో 107, 108 సెక్షన్లుండేవి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అవే 110, 111 సెక్షన్లు. వాటి సారం ఇది: ఒక మనిషి గత 30 ఏళ్ళలో బతికున్నట్టు తెలిస్తే, చనిపోయాడనేవాళ్ళు రుజువు చేయాలి. ఏడేళ్ళుగా అతని కబురు, సహజంగా తెలియవలసినవాళ్ళకు కూడా తెలియకపోతే, బతికున్నాడనేవాళ్ళే రుజువు చేయాలి.

అంతే. రుజువు భారం ఎవరి మీద ఉందో చెప్పే సెక్షన్లివి. ఏడేళ్ళు నిండకముందు చావును రుజువు చేయకూడదని ఇందులో ఎక్కడా లేదు. పైగా ఏడేళ్ళలోపు చనిపోయాడనేవాళ్ళు రుజువు చేయాలని ఉందంటే, చేయవచ్చనే కదా? రుజువంటే ఏమిటో కూడా అదే చట్టం చెప్పింది: వివేకమున్న మనిషి తన వ్యవహారాల్లో నిజమనుకుని నడుచుకునేంత సంభావ్యత. వాయుగుండంలో చిక్కిన పడవ, కళ్ళముందే బోల్తాపడడం చూసిన పక్క పడవ సరంగు మాట, గాలించి ఏమీ దొరకలేదన్న తీరరక్షక దళం నివేదిక ఉన్నాక కూడా ఆ మనిషి ఎక్కడో బతికున్నాడనుకుని నడుచుకునే వివేకవంతుడెవరు?

ఆగడం సురక్షితమన్న భ్రమను మన సుప్రీంకోర్టు తీర్పే పోగొడుతుంది. 2004లో ఒక జీవిత బీమా కేసులో కోర్టు చెప్పినదేమిటంటే, ఏడేళ్ళు గడిస్తే చనిపోయాడన్న ఊహ మాత్రమే వస్తుంది, ఎప్పుడు చనిపోయాడన్నది ఆ ఊహ చెప్పదు. తేదీ కావాలంటే సాక్ష్యంతో విడిగా రుజువు చేసుకోవాలి. ఆ ఏడేళ్ళూ ప్రీమియం కట్టకపోవడంతో పాలసీ రద్దయిపోయింది, భార్యకు బీమా సొమ్ము దక్కలేదు. ఏడేళ్ళు ఓపిక పట్టమన్న సలహాను నమ్మిన కుటుంబానికి చివర దక్కేది ఇదీ. అప్పటికి సరంగు ఊరు మారివుంటాడు, సాక్షులు మరిచిపోయివుంటారు. మొదటి నెలలో చేతిలో ఉన్న రుజువును ఏడేళ్ళు పారబోసి, ఆ తర్వాత రుజువేదని అడుగుతాం.

1670 నాటి జాగ్రత్తలు కూడా మనకు పరాయివి కావు. 1925 భారత వారసత్వ చట్టంలో నిర్వహణాధికారం పొందినవారు జామీనుతో బాండు ఇవ్వాలి, ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు దాఖలు చేయాలి. తగిన కారణముంటే ఇచ్చిన అధికారాన్ని కోర్టు రద్దు చేయవచ్చు. వారసత్వ ధ్రువపత్రం చూసి సద్భావంతో సొమ్ము చెల్లించిన బ్యాంకుకు ఆ చట్టమే పూర్తి రక్షణ ఇస్తుంది. స్పిటల్‌ఫీల్డ్స్ వితంతువును ఆదుకున్న పనిముట్లన్నీ మన అల్మారాలో ఉన్నాయి. తీసి వాడేవాళ్ళు లేరు.

7. అందరికీ ఒకే లెక్క అన్నది నిజమేనా?

మిగిలిన వాదన ఇదొక్కటే. అందరికీ సమానంగా వర్తిస్తుంది కనుక న్యాయమట. వర్తిస్తే కదా! 2004 సునామీలో గల్లంతైనవారి విషయంలో ప్రభుత్వాలు ఏడేళ్ళు ఆగలేదు. 2013 ఉత్తరాఖండ్ వరదల్లోనూ, 2017 ఓఖీ తుపానులో తిరిగిరాని తమిళనాడు, కేరళ మత్స్యకారుల విషయంలోనూ, 2021 చమోలీ వరదలోనూ ప్రత్యేక విధానం పెట్టి ముందే తేల్చారు. తేల్చడం సరైన పనే. అంటే ఏడేళ్ళు దాటవేయరాని గీత కాదని ప్రభుత్వాలకు తెలుసు. వందలమంది ఒక్కసారే పోతే, టీవీల్లో వస్తే, మంత్రులు వస్తే ఉత్తర్వు వస్తుంది. ఉప్పాడ నుంచో నిజాంపట్నం నుంచో వెళ్ళిన ఒక్క పడవలో నలుగురు పోతే ఏడేళ్ళ నిబంధన గుర్తుకొస్తుంది. సముద్రం ఇద్దరినీ ఒకే తీరున ముంచింది. తేడా చూపించింది మనం.

ఒక్కడు పోయినా వెయ్యిమంది పోయినా సాక్ష్యానికి కొలత ఒకటే ఉండాలి. సమానత్వం కావాలంటే ఆ చోట కావాలి. గడియారాన్ని అందరి ముందూ పెట్టి, పలుకుబడి ఉన్న దుర్ఘటనకు దాన్ని ఆపేయడం సమానత్వం అనిపించుకోదు.

చేయవలసినది

సముద్రంలో పోయినవారి విషయంలో ఏడేళ్ళ లెక్కను మొదటి నిబంధనగా వాడడం ఆపాలి. అది ఏ ఆధారమూ దొరకనప్పటి చివరి దిక్కుగా మిగలాలి. పడవ బయల్దేరిన నమోదు, పడవ యజమాని వాంగ్మూలం, తోటి పడవలవారి సాక్ష్యం, వాతావరణ హెచ్చరికలు, గాలింపు నివేదిక: ఈ కాగితాలన్నీ మత్స్యశాఖ, పోలీసు, రెవెన్యూ కలిసి నెలల్లోనే ఒక్కచోట చేర్చాలి. వాటి మీద విచారణ జరిపి మరణాన్ని నమోదు చేసే శాశ్వత విధానాన్ని ప్రభుత్వం నోటిఫై చేయాలి. దానికోసం ఇంకో సునామీ రానక్కర్లేదు. అనుమానం మిగిలితే వారసుల దగ్గర బాండు తీసుకోండి. మనిషి తిరిగొస్తే పత్రం రద్దు చేయండి. పేద కుటుంబానికి జామీనుదారులు దొరక్కపోతే సహకార సంఘమో ప్రభుత్వమో ఆ పూచీ వహించాలి.

18వ శతాబ్దం గురించి రాసేవాళ్ళు కూడా ఈ ఏడేళ్ళ కథను మళ్ళీ మళ్ళీ చెప్పడం మానుకోవాలి. అది చరిత్రలో జరగని విషయం. ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేటి ఒక ఆఫీసు కిటికీ వెనక కూర్చున్నవారికి ఒక సాకు దొరుకుతోంది. మూడు వందల ఏళ్ళ కిందట, పెళ్ళైన స్త్రీకి సొంత పేరున దావా వేసే హక్కు కూడా లేని దేశంలో, ఒక నేతగాడి వితంతువు మాటను ప్రమాణం మీద నమ్మి, జామీను తీసుకుని, మగ్గం ఆమె చేతికి అప్పజెప్పగలిగారు. ఇన్ని హక్కులు రాసుకున్న మనం ఒక మత్స్యకారుడి భార్యను ఏడేళ్ళు తిప్పడానికి ఏ చట్టమూ కారణం కాదు. పని చేయకూడదన్న అలవాటే కారణం, దాన్ని మార్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.